కొలిమిలో మందా, ఒంట్లో ఊపిరా?

చైనా చక్రవర్తుల నాటి రసవాదం మీద టీనేజ్ పిల్లలకి ఫాంటసీ నవల రాయాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: వాయ్‌దానా, నేయ్‌దానా?

వాయ్‌దాన్ అంటే కొలిమి పని, చావు లేకుండా చేసే మందుని నిప్పు మీద తయారుచేయడం. ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజాన్ని కాలిస్తే వెండిలా మెరిసే పాదరసం వస్తుంది, దాన్ని గంధకంతో కలిపి మళ్లీ వేడిచేస్తే ఎర్రగా తిరిగొస్తుంది, ఇది కళ్లారా చూసినవాడు చావుని కూడా వెనక్కి తిప్పొచ్చని నమ్మాడంటే వింతేముంది? పైగా ట్రాజెడీ రెడీగా ఉంది. థాంగ్ వంశపు చక్రవర్తులు ముజోంగ్ (824), ఊజోంగ్ (846) ఆ అమృతం గుళికలు మింగే పోయారంటారు. గంధకం, సురేకారం, తేనె కలిపి కాచబోయి చేతులూ మొహాలూ కాల్చుకుని, ఇల్లు కూడా తగలబెట్టుకున్నవాళ్ల గురించి ఒక పాత గ్రంథం హెచ్చరిస్తుంది. తుపాకీమందు మూలాలు అక్కడే మరి.

నేయ్‌దాన్‌లో ఒళ్లే కొలిమి. ఊపిరి, ధ్యానం, అంతే. సోంగ్ వంశపు రాజుల కాలానికి బాగా పుంజుకుంది. లోతైనదే, కాదనను, కానీ పదిహేనేళ్ల హీరోయిన్ కళ్లు మూసుకుని కూర్చుంటే పేజీ కదలదు.

నా ఓటు కొలిమికే. రాజుగారి గుళికలో ఏముందో తెలిసీ నోరు విప్పలేని మసి చేతుల పిల్ల కావాలి నాకు.