తలుపులు మూసే సినిమా: పర్లాకిమిడిలో ‘రెసిడెంట్ ఈవిల్’ చూసినవారి మాటలు

2002లో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’ మొదటి భాగాన్ని పర్లాకిమిడిలోని మా ఇంట్లో ఆరుగురం కలిసి చూశాం. విశాఖపట్నంలో చదువుకుంటున్న మా మేనల్లుడు దసరా సెలవులకు వచ్చి, ఈ సినిమాకు ఆధారమైన వీడియో గేమును తాను ఎన్నిసార్లు ఆడాడో చెబుతూ, సినిమా ఆ గేముకు న్యాయం చేయలేదని వాదన పెట్టుకున్నాడు. ఆ వాదన తేల్చుకోవడానికే ఒక రాత్రి భోజనాలయ్యాక, పళ్ళెం నిండా మురీల (మరమరాల) మిక్చరు కలిపి పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాం. నేను, నా భార్య, మేనల్లుడు, డెబ్బై ఆరేళ్ళ మా పెద్దమ్మ, పక్కింటి కాంపౌండరు గారు, నా భార్యతో పాటు బడిలో పనిచేసే ఒడియా టీచరు గారు. సినిమా ఇంగ్లీషులో ఉంది కనుక పెద్దమ్మకు మాటలన్నీ నేనే పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వచ్చాను.

ఈ సినిమా గురించి ఎక్కడ విన్నా రెండు మాటలే వినిపిస్తాయి. గేము ఆడినవారు ఇది మా గేము కాదంటారు. ఆడనివారు ఫైట్లు బాగున్నాయంటారు. ఆ రాత్రి మా ఇంట్లో మూడో మాట ఒకటి పుట్టింది. అది తలుపుల గురించి. సినిమా బలమంతా అక్కడే ఉందని నాకు గట్టిగా అనిపించింది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

కథ చిన్నదే. రాకూన్ సిటీ అనే ఊరి కింద, నేలకు చాలా లోతున, అంబ్రెల్లా అనే కంపెనీకి ‘హైవ్’ అనే రహస్య పరిశోధనశాల ఉంటుంది. అందులో 500 మంది పనిచేస్తూ, అక్కడే కాపురముంటూ ఉంటారు. ఒకడు వైరస్ సీసాను కావాలనే పగలగొట్టి బయటపడతాడు. పరిశోధనశాలను నడిపించే ‘రెడ్ క్వీన్’ అనే కంప్యూటరు ఆ సంగతి పసిగట్టి, వైరస్ పైకి రాకుండా తలుపులన్నీ మూసేసి, లోపలివారినందరినీ చంపేస్తుంది. ఆ తర్వాత పైనున్న భవంతిలో ఆలిస్ అనే యువతి గతమంతా మరచిపోయిన స్థితిలో మేలుకుంటుంది. కంపెనీ పంపిన సాయుధ దళం ఆమెను వెంటబెట్టుకుని రైలులో కిందికి దిగి, రెడ్ క్వీన్‌ను ఆపేస్తుంది. ఆపిన మరుక్షణం మూసిన తలుపులు తెరుచుకుంటాయి, చచ్చినవారు లేచి నడిచి వస్తారు. గంటలోగా బయటపడకపోతే హైవ్ మళ్ళీ మూసుకుపోతుంది. పాల్ డబ్ల్యూ. ఎస్. ఆండర్సన్ రాసి తీసిన ఈ సినిమాలో ఆలిస్‌గా మిల్లా జోవోవిచ్, దళంలోని రెయిన్‌గా మిషెల్ రోడ్రిగెజ్ నటించారు.

మేనల్లుడి కోపంలో న్యాయం లేకపోలేదు. 1996లో జపాను కంపెనీ క్యాప్‌కామ్ ప్లేస్టేషన్ కోసం ఈ గేమును విడుదల చేసింది. జపానులో దాని పేరు ‘బయోహజార్డ్’. అందులో ఆడేది క్రిస్ రెడ్‌ఫీల్డ్‌గానో జిల్ వాలెంటైన్‌గానో. ఆలిస్ అనే మనిషి గేములో ఎక్కడా లేదు. క్రిస్, జిల్ ఈ మొదటి సినిమాలో లేరు. నడిచే పీనుగుల సినిమాకు 1968లోనే బాట వేసిన జార్జ్ రొమేరో ఈ సినిమాకు స్క్రిప్టు రాశాడు, అందులో క్రిస్, జిల్ ఇద్దరూ ఉన్నారు. నిర్మాతలు దాన్ని పక్కన పెట్టి ఆండర్సన్ కథను తీసుకున్నారు. "ఆ స్క్రిప్టు తీసి ఉంటే ఎలా ఉండేదో కదా మామయ్యా" అని వాడు బాధపడుతుంటే నాకూ నిజమేననిపించింది. గేములో తూటాలు లెక్కపెట్టి వాడుకోవాలి. ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకోవాలంటే టైపురైటరు దగ్గరికి వెళ్ళి సిరా రిబ్బను ఖర్చు చేయాలి, ఆ రిబ్బన్లు కూడా లెక్కకే దొరుకుతాయి. ఆ పిసినారితనంలో నుంచే భయం పుడుతుందని వాడు చెప్పాడు. సినిమాలో దళం చేతుల్లో మిషన్ గన్నులున్నాయి; అలాంటి పొదుపుకు చోటు లేదు.

అయితే గేము గురించి వాడు చెప్పిన మరో సంగతి వాడి వాదనకే అడ్డం వచ్చింది. పాత గేములో ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ తెర నల్లబడి, నడుమ ఒక్క తలుపు మాత్రం కనిపిస్తుందట. పిడి తిరుగుతుంది, తలుపు మెల్లగా తెరుచుకుంటుంది, అవతల చీకటి. డిస్కులో నుంచి తరువాతి గది సమాచారం చదవడానికి యంత్రానికి కొంత సమయం కావాలి కనుక ఆ ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆడేవాడికి మాత్రం ఆ కొద్ది సెకన్లే గుండె దడదడలాడించేవి. ఆ తలుపు సినిమాలోకి వచ్చిందని నేనంటాను. పాత్రలు రాకపోయినా, తలుపు ముందు నిలబడ్డప్పటి బెదురు వచ్చింది. మధ్యమధ్య హైవ్ పటాన్ని గీతలతో గీసి చూపి, దళం ఏ అంతస్తులో ఉందో, ఏ దారి మూసుకుందో గుర్తు చేయడం కూడా గేము పద్ధతే.

లేజర్ నడవా దృశ్యం గురించి చెప్పకుండా ఈ సినిమా మీద ఏ అభిప్రాయమూ పూర్తి కాదు. రెడ్ క్వీన్ గదికి పోయే దారి అద్దాలతో తెల్లగా మెరుస్తూ ఉంటుంది. నలుగురు లోపల అడుగుపెట్టాక రెండు వైపులా తలుపులు పడతాయి. ఒక సన్నని వెలుగుగీత నడవా పొడవునా జారుతూ వస్తుంది. ఒకరు వంగుతారు, ఒకరు ఆలస్యమవుతారు. మరో గీత వస్తుంది, ఎత్తు మారుతుంది. దళనాయకుడు ఎగిరి పైకప్పును పట్టుకుని తప్పించుకుంటాడు. చివరి గీత అతని దాకా రాకముందే చేపల వలలా అల్లుకుపోతుంది, అప్పుడతను పరుగు మాని నిలబడిపోతాడు. బయట కీబోర్డు ముందు కూర్చున్న, దళంలో కంప్యూటర్లు చూసే కాప్లాన్ ఆపడానికి ప్రయత్నిస్తూనే ఉంటాడు, అతని వేళ్ళకూ ఆ తలుపుకూ మధ్య కొన్ని క్షణాలే తక్కువవుతాయి. మురీల పళ్ళెం వైపు వెళ్ళిన చేతులన్నీ మధ్యలోనే ఆగిపోయాయి. ఇది గేములో లేదు, సినిమా సొంతంగా కల్పించుకున్నది. తరువాత 2005లో వచ్చిన నాలుగో గేములో ఇలాంటి లేజర్ నడవాయే పెట్టారు. ఈ సంగతి చెప్పింది కూడా మా మేనల్లుడే. గేమువారు సినిమా నుంచి తీసుకోదగినది ఒకటుందని వాడు ఒప్పుకోక తప్పలేదు.

పెద్దమ్మ మాత్రం ఆ నడవా దగ్గర కాదు, అంతకు చాలా ముందు, సినిమా మొదలైన పది నిమిషాల్లోనే కదిలిపోయింది. హైవ్‌లో హెచ్చరిక గంట మోగుతుంది. ఉద్యోగులు అగ్నిప్రమాదమనుకుని లేస్తారు. లిఫ్టులు మధ్యలో ఆగిపోతాయి. ప్రయోగశాలలో తలుపు బిగుసుకుపోయి, పైనుంచి నీళ్ళు పడుతూ మోకాళ్ళు దాటి, మెడ దాటి పెరుగుతుంటే లోపలివారు అద్దాన్ని పగలగొట్టాలని చూస్తారు.

"నోపల మనుసులున్నారని ఆ మిషనుకి తెల్దేటి?" అంది పెద్దమ్మ.

"తెలుసు పెద్దమ్మా. తెలిసే మూసింది" అన్నాను.

ఆ తర్వాత చాలాసేపు ఆమె మాట్లాడలేదు. కారణం నాకు తెలుసు. మా అక్కను, అంటే పెద్దమ్మ కూతురిని, పాతపట్నంలో ఇచ్చారు. పర్లాకిమిడి ఒడిశాలో, పాతపట్నం ఆంధ్రలో ఉన్నా, పెద్దమ్మ లెక్కలో అవి రెండు వీధులు. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చే దూరం. 2020 మార్చిలో సరిహద్దు మూసేశాక అక్కకు జ్వరం వచ్చింది. పెద్దమ్మ స్టీలు కారియరులో మిరియాల చారూ మెత్తటి అన్నమూ సర్దుకుని, ఎండలో కొంగు కప్పుకుని బారికేడు దాకా నడిచింది. అవతల బావ నిలబడి ఉన్నాడు, మాట వినబడేంత దగ్గరలో. కారియరు చేతులు మారడానికి వీలు కాలేదు. కాపలాలో ఉన్నవారు తమకు చెప్పిన పని చేశారు, వారిని తప్పుపట్టలేను. చల్లారిపోయిన చారును పెద్దమ్మ ఇంటికి తెచ్చి, ఎవరికీ పెట్టకుండా అలాగే ఉంచేసింది.

అందుకే మా ఇంట్లో చర్చ జాంబీలను వదిలి రెడ్ క్వీన్ మీదికి మళ్ళింది. ఆమె చేసింది సబబేనని ఒడియా టీచరు గారు అన్నారు. తలుపులు తెరిచాకే కదా శవాలు బయటపడ్డాయి, ఆ యంత్రాన్ని ఆపకుండా ఉంటే పైనున్న ఊరైనా మిగిలేది అని ఆమె వాదన, కథ కూడా ఆమె పక్షానే నిలుస్తుంది. మూయడం తప్పు కాకపోవచ్చు, కాని చెప్పకుండా మూయడం తప్పు అని నా భార్య అంది. లోపలివారికి నిజం తెలియదు. గంట దేనికి మోగిందో తెలియకుండానే చచ్చిపోయారు. ఆండర్సన్ ఈ ప్రశ్నను తేలిగ్గా వదిలేయలేదు. రెడ్ క్వీన్‌కు చిన్న ఆడపిల్ల రూపాన్నీ, కోపమూ జాలీ లేని నిదానమైన గొంతునూ ఇచ్చాడు. చివరికొచ్చేసరికి, శవాలు కరిచిన రెయిన్‌ను చంపితేనే తలుపు తెరిచే అంకెలు చెబుతానని ఆ పిల్ల బేరం పెడుతుంది. మొదట 500 మంది మీద తీసుకున్న నిర్ణయాన్నే ఇప్పుడు ఒక్క మనిషి మీద, ఆమె కళ్ళెదుటే, తోటివారి చేత తీసుకోమంటోంది. ఆలిస్ గొడ్డలి ఎత్తి రెయిన్‌ను కాదని తెరను కొడుతుంది. నేను చూసిన జాంబీ సినిమాల్లో ఇంత సూటిగా కుట్టిన దృశ్యం ఇంకొకటి లేదు.

కాంపౌండరు గారి అభ్యంతరం వేరు. చచ్చిన తర్వాత కూడా వెంట్రుకలూ గోళ్ళూ పెరుగుతూనే ఉంటాయని, వైరస్ ఆ శక్తినే వాడుకుంటుందని రెడ్ క్వీన్ వివరిస్తుంది. అది తప్పని ఆయన అక్కడికక్కడే చెప్పారు. చర్మం ఎండి వెనక్కి ముడుచుకోవడం వల్ల గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయే తప్ప అవి పెరగవు. కరిచిన వెంటనే మందు పడాలన్న సంగతిని మాత్రం ఆయన మెచ్చుకున్నారు. పిచ్చికుక్క కరిస్తే ఆ రోజే సూది మొదలుపెట్టాలని, లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదని రోజూ పదిమందికి చెప్పే మనిషి కనుక, మందు చేతికి అందడం ఆలస్యమవుతున్న కొద్దీ రెయిన్ ముఖం పాలిపోవడాన్ని ఆయన కళ్ళార్పకుండా చూశారు.

"ఈళ్ళకి ఎవులి మీద పగ?" అని పెద్దమ్మ అడిగిన ప్రశ్న కూడా ఇక్కడ రాయాలి. మన కథల్లో చచ్చినవాడు తిరిగి వచ్చాడంటే తీరని కోరికో, తీర్చుకోవలసిన పగో ఉండాలి. దెయ్యంతో మాట్లాడవచ్చు, మొక్కుకోవచ్చు, భూతవైద్యుణ్ణి పిలవవచ్చు. ఈ శవాలకు ఆకలి ఒక్కటే మిగిలింది. నిన్నటి దాకా పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషే ఆఫీసు కోటుతో, మెడలో గుర్తింపు కార్డుతో నడిచి వస్తుంటే పెద్దమ్మకు భయం కంటే జాలే ఎక్కువ కలిగింది.

లోపాలు తక్కువేం కాదు. దళంలో సగం మంది పేర్లు గుర్తు పెట్టుకునేలోపే చచ్చిపోతారు. ఆలిస్ మతిమరుపు కథకుడి సౌకర్యం కోసం పెట్టినదే. ద్రోహి ఎవరో నా భార్య ముప్పావుగంటకే చెప్పేసింది. నాలుక చాపే ‘లికర్’ అనే జంతువు కంప్యూటరు బొమ్మని ఇప్పుడు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, అదే నిజమైన కుక్కలతో తీసిన భాగం ఈనాటికీ పచ్చిగా ఉంది. సంగీతం చాలాచోట్ల అవసరానికి మించి మోగుతుంది. పెద్దమ్మ కోసం శబ్దం తగ్గించినప్పుడు సన్నివేశాలు ఇంకా బాగున్నాయి. నెత్తురు, కోతలు ఉన్నాయి కనుక పిల్లలను పడుకోబెట్టాకే పెట్టుకోవాలి.

తరువాత 2004, 2007, 2010, 2012, 2016 సంవత్సరాల్లో మిల్లా జోవోవిచ్‌తోనే ఐదు భాగాలు వచ్చాయి. మూడో భాగంలో ఆలిస్‌కు శక్తులు పెరిగేకొద్దీ తలుపులకు విలువ పోయింది. గోడనే పగలగొట్టగల మనిషికి తాళంతో పనేముంది? 2021లో గేము పాత్రలతో కొత్తగా తీసిన సినిమా మేనల్లుడికి నచ్చింది, మిగతావాళ్ళం మధ్యలో లేచిపోయాం.

రెండో భాగం మాత్రం చూడాలి. మరుసటి రాత్రి మళ్ళీ అందరం కూర్చున్నాం. అందులో వైరస్ ఊళ్ళోకి వచ్చేస్తుంది. ఊరు విడిచి పోయేవారిని వంతెన దగ్గర ఒక్కొక్కరిగా పరీక్షించి పంపుతుంటారు. జనంలో ఒకడు శవమై లేచేసరికి కంపెనీ అధికారి గేటు మూయిస్తాడు. పిల్లలను ఎత్తుకున్నవారు, ముసలివారు గేటుకు అంటుకుపోయి అరుస్తుంటే, వెనక్కి పొమ్మని మైకులో చెప్పి తుపాకులు పేలుస్తారు. ఫైట్ల పరంగా మొదటిదాని కంటే ఇది బలహీనమైన సినిమా, కూర్పు కూడా గజిబిజిగా ఉంది. కాని ఆ వంతెన ఘట్టాన్ని మా ఇంట్లో రెండుసార్లు చూశాం, రెండోసారి పెద్దమ్మ అడిగితే పెట్టాం. చూశాక, ఆ గేటు మళ్ళీ ఎప్పుడు తీశారని అడిగింది. తీయలేదు పెద్దమ్మా అన్నాను.