హగరి ఇసుకలో నాలుగేళ్లు: దిగబడిన బండిని తీసే సామాన్ల మీద నా అనుభవం

మా చేను అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో, దర్గా హొన్నూరు ఇసుక దిబ్బల అవతల ఉంది. వేదవతి నదిని మేం హగరి అంటాం. ఆషాఢం గాలి లేచిందంటే ఏటిలో ఇసుక చేన్ల మీదికి కొట్టుకొస్తుంది. నిన్న పోయిన బండిబాట ఈరోజు కనిపించదు. ఆ దారి కోసమే 2021లో ఫోర్ వీల్ డ్రైవ్ థార్ జీపు కొన్నా. వారానికి రెండుసార్లయినా పోయి వస్తా. ఇప్పటికి పదిహేడుసార్లు దిగబడింది. ప్రతిసారీ ఏం చేసిందీ డైరీలో రాసి పెట్టుకున్నా, ఇది దాన్ని చూసి రాస్తున్నదే.

మొదటిసారి దిగినప్పుడు నా దగ్గర ఏ సామానూ లేదు. చక్రం గిర్రున తిరుగుతుంటే ఇంకా యాక్సిలరేటర్ తొక్కినా. రెండు నిమిషాల్లో బండి కడుపు ఇసుకకు ఆనింది. పక్క చేను మామ ట్రాక్టరు తెచ్చి ఇనుప గొలుసు కట్టినాడు. రెండో గుంజుకు ఒక లంకె తెగింది. తెగిన కొస ఎగిరి వచ్చి నా బానెట్ అంచును నొక్కుకుపోయేలా కొట్టింది. మామ కొడుకు, పదో తరగతి పిల్లోడు, అక్కడికి రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సామాన్లన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా కొన్నా.

అన్నిటికంటే ఎక్కువ పని చేసింది అన్నిటికంటే చవకది: గాలి కొలిచే గేజు. రోడ్డు మీద నా టైర్లలో 32 పీఎస్ఐ ఉంచుతా. ఇసుక మొదలయ్యే చోట, ఇంకా గట్టి నేల మీదే ఆపి, 18కి దించుతా. దిబ్బ మెత్తగా ఉంటే 16. ఇది ఎందుకు పని చేస్తుందో మా ఊళ్లో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇనుప పట్టా చక్రాల ఎద్దుల బండి కూరుకుపోయే చోట టైరు బండి తేలిగ్గా పోవడం వాళ్లు కళ్లారా చూసినారు. నేను కూడా ఇంటి ముందర బండల మీద బండి నిలిపి, టైరు చుట్టూ ముగ్గుపిండి చల్లి, బండి పక్కకు తీసి కొలిచినా. 32 దగ్గర టైరు నేలకు ఆనిన పొడవు జానెడు కూడా లేదు. 16కి దించినాక జానాబెత్తెడు వచ్చింది. వెడల్పు పెద్దగా మారలేదు, పొడవే పెరిగింది. బరువు అంతే, దాన్ని మోసే చోటు పెరిగిందన్నమాట. పదిహేడింట్లో తొమ్మిదిసార్లు గాలి తీసి, టైర్ల ముందర ఇసుక లాగేసి, వచ్చిన గాడిలోనే మెల్లగా వెనక్కి రావడంతోనే పని అయిపోయింది.

అయితే గాలి తక్కువ ఉన్నప్పుడు బండిని ముసలాయన్ను నడిపించినట్టు నడపాలి. గంటకు 30 కిలోమీటర్లు దాటొద్దు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. ఒకసారి తొందరలో 12కి దించి పక్కకు తిప్పినా, ముందు టైరు రిమ్ము నుంచి ఊడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో దాన్ని మళ్లీ ఎక్కించడానికి మూడు గంటలు పట్టింది. అప్పటి నుంచి 15 కిందికి పోలేదు.

పార గురించి రెండు మాటలు. పొట్టి మడతపార వద్దు. పొడుగు కర్ర ఉన్న మామూలు పార కొనండి. బండి కడుపు కింద ఇసుక లాగాలంటే చేయి అంత దూరం పోవాలి. పొట్ట ఆని ఉన్నంతవరకు ఏ సామానూ పని చేయదు, చక్రాలకు బరువు దిగదు కదా. జాకీతో బండి ఎత్తి కింద దూరడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఇసుకలో జాకీ ఒరుగుతుంది. అడుగున మందపాటి చెక్క వేసినా సరే, నేను బండి కిందికి తల పెట్టను.

ఇక సాండ్ బోర్డులు, అంటే దిగబడిన చక్రం కింద వేసే పళ్లున్న పలకలు. నైలాన్‌వి, ఒక జత. మా తాతల కాలంలో జాలి కంప, గోనె సంచులు వేసేవాళ్లు. ఇవి ఆ పనినే బాగా చేస్తాయి. టైరుకు ఆనేలా, కొంచెం వాలుగా లోపలికి దూర్చి, ‘ఫోర్-లో’ గేరు (నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు) వేసి, చక్రం బోర్డును కరిచిందాకా నత్తలాగా పోవాలి. ఎక్కినాక ఆగొద్దు, గట్టి నేల వచ్చిందాకా పోతూనే ఉండాలి. రెండో ఏడు మా తమ్ముడు నడుపుతూ గట్టిగా తొక్కినాడు. చక్రం బోర్డు మీదే తిరిగి, దాని పళ్లు కరిగి నల్లగా పేస్టు లాగా అంటుకున్నాయి, రబ్బరు కాలిన వాసన. అరచేతితో తడిమితే ఆ చోట అద్దం లాగా నున్నగా తగులుతుంది. ఆ వైపు ఇంకెందుకూ పనికిరాదు. పైగా బోర్డు వెనక్కి బాణంలా ఎగురుతుంది, కాబట్టి చక్రాల వరసలో మనిషి ఉండకూడదు. ఇంకో సంగతి, బోర్డులకు రెండు మూర్ల రంగు తాడు కట్టుకోండి. బండి ఎక్కి పోయినాక అవి ఇసుకలో పూడిపోతాయి, తాడు కొస కనిపిస్తేనే దొరుకుతాయి.

చివరికి తాడు. కైనెటిక్ రోప్ అని అమ్ముతారు. నాది 22 మిల్లీమీటర్ల మందం, 9 మీటర్ల పొడవు. నైలాన్ కాబట్టి సాగి, ఆ సాగిన బలంతో బండిని పైకి తెస్తుంది. చాలా బాగా పని చేస్తుంది. కానీ నా సామాన్లలో అన్నిటికంటే ప్రమాదమైంది, మనిషి ప్రాణం తీయగలిగింది ఇదే. అందుకే నాలుగేళ్లలో మూడుసార్లే బయటికి తీసినా. ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే కట్టాలి. ట్రాలీ తగిలించే గుండుకు కడితే ఆ గుండు విరిగి తుపాకి గుండులా వస్తుంది, అలా మనుషులు పోయినారు కూడా. తాడును హుక్కుకు తగిలించే ఇనుప షాకిల్‌కు (కొండీకి) బదులు తాడుతో అల్లిన సాఫ్ట్ షాకిల్ వాడతా, తెగినా బరువు తక్కువ. తాడు మధ్యలో తడిపిన గోనె సంచి వేస్తా. చూసేవాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు ఉండాలి.

మన పల్లెల్లో సాయానికి వచ్చేది ఇంకో జీపు కాదు, ట్రాక్టరే. దానికి ఈ సాగే తాడు అక్కర్లేదు. సాగని మందపాటి బెల్టు కట్టి, తక్కువ గేరులో, కుదుపు లేకుండా లాగిస్తే చాలు. ట్రాక్టరు వెనక కింది హుక్కుకే కట్టించండి. పైన టాప్ లింకు దగ్గర కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది. మామకు ఈ మాట చెప్తే, "ఇన్నేండ్లు ఎట్లా లాగినామప్పా మరి!" అన్నాడు. రెండో రోజే తన ట్రాక్టరు కింది హుక్కుకు కొత్త పిన్ను వేయించుకున్నాడు.

కంప్రెసర్: 12 వోల్టులది, బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది తీసుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టేదయితే పెద్ద టైర్లకు ఫ్యూజు పోతుంది. నాది టైరుకు ఐదు నిమిషాలు తీసుకుంటుంది, మే నెల ఎండలో రెండు టైర్లకోసారి చల్లారనివ్వాలి. మొదట కొన్నదాని పైపు అతుకు ఎనిమిది నెలల్లో ఊడింది, అమ్మినవాళ్లు మార్చివ్వలేదు. కొత్తది ఇప్పటిదాకా బాగుంది. ఇది లేకుంటే గాలి తీయడానికి ధైర్యం రాదు, గాలి తీసిన టైర్లతో రోడ్డు మీద పోవడమూ ప్రమాదమే.

ఈ సామాన్లేవీ పనికిరాని చోటు ఒకటుంది, అది ఏటి నడుమ. 2022లో ఎగువన కర్ణాటకలోని వాణీ విలాస సాగరం డ్యాం 1933 తర్వాత మొదటిసారి నిండి పొర్లింది, హగరికి నీళ్లు వచ్చినాయి. నీళ్లు తగ్గినాక పైన ఎండి పగిలిన పొర, కింద బంక ఒండ్రు. ఇసుక తవ్విన గుంతలన్నీ అలాగే పూడి, చదునుగా కనిపించినాయి. అలాంటి చోట ముందు దిగి కర్రతో పొడుచుకుంటూ నడిచి చూస్తా. కర్ర మోకాలి లోతు దిగితే బండి తిప్పుకుని చుట్టుదారిలో పోతా, పన్నెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

మొన్న తాడు ఉతికి ఆరేస్తే మధ్యలో ఒకచోట పోగులు తెగి బొచ్చులా లేచి ఉన్నాయి. ఆషాఢం లోపల కొత్తది తెచ్చుకోవాలి. పాతదాన్ని కొడవలితో మూరెడు ముక్కలు చేసి పెట్టినా, మళ్లీ ఎవరూ బండికి కట్టకుండా.