రాస్ హిల్‌కి వెళ్లండి, లాడ్జి మాత్రం చూసుకుని దిగండి

ఫోన్‌లో 1,400 అన్నారు. విశాఖ స్టేషన్ దగ్గర లాడ్జి, సీ వ్యూ రూమ్. దిగాక మూడో మనిషికి 250, ఏసీకి 300, పొద్దున వేణ్నీళ్లకి బకెట్‌కి 30. కిటికీ తెరిస్తే పక్క మేడ మీద నీళ్ల ట్యాంకు. కిందికెళ్లి అడిగితే కౌంటర్ కుర్రాడు తలైనా ఎత్తకుండా "ఆ ట్యాంకు వెనకాల సముద్రమే కదండీ" అన్నాడు. దిశ ప్రకారం చూస్తే నిజమే.

రాత్రంతా దోమలు. దానికి తోడు అమ్మా పిన్నీ వాదన. అమ్మ ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. పిన్ని బాప్టిస్టు ఇంటి కోడలు, అంటే ప్రొటెస్టెంటు. ఈ ఊరికి ముందు ఎవరి మిషనరీలు వచ్చారన్నది తగువు. చదివొచ్చింది నేను కాబట్టి పంచాయితీ నా నెత్తిన పడింది. ప్రొటెస్టెంట్ల లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డీగ్రాంజ్ 1805లోనే ఇక్కడ దిగారు. 1809లో క్రాన్, మరుసటి ఏడు డీగ్రాంజ్ చనిపోయారు. వాళ్ల పనిలోంచే మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్ శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి.

"చూశావా అక్కా, మావాళ్లే ముందు" అంది పిన్ని.

"పాపం, నాలుగేళ్లకే పోయారా? వాళ్లకీ ఇలాంటి రూమే ఇచ్చుంటారు" అంది అమ్మ. ఆ లండన్ మిషన్ తర్వాత ఊరు వదిలేసిందనీ, కెనడా బాప్టిస్టులు వచ్చి అందుకున్నారనీ నేను చెప్పగానే అమ్మ మొహం వెలిగింది. కాథలిక్కులకి అనెసీ అనే ఊరి నుంచి ఫాదర్లు వచ్చింది 1846లో. అందరూ ఫ్రెంచి వాళ్లంటారు గానీ అప్పటికి అనెసీ ఫ్రాన్సులో లేదు, 1860లో కలిసింది. 1886కి ఇది మేత్రాసనం, అంటే బిషప్పు ఉండే పీఠం; 2001లో అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్పుది. "వచ్చినవాళ్లు ఉండిపోవాలి" అని అమ్మ దుప్పటి కప్పుకుంది.

పొద్దున పాత పోస్టాఫీసు దాకా ఆటో 120. అక్కడి నుంచి రాస్ హిల్ కొండ మీదికి, వెయిటింగ్‌తో రానూపోనూ 250. ఇది మాత్రం న్యాయమే. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే ప్రార్థనాలయం అయింది. పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి. కింద హార్బరు నోట్లోకి ఓడ దూరుతోంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. అమ్మ కొవ్వొత్తి వెలిగించింది. పిన్ని బయటే నిలబడతానని, గాలి బాగుందని లోపలికొచ్చి, చివరి బెంచీలో అరగంట కూర్చుంది. ఎండెక్కితే పైన ఉండలేరు, ఎనిమిదిలోపు వెళ్లండి.

పాత ఊళ్లో సెయింట్ అలోషియస్ బడిని, 1847 నాటిది, గేటు బయటి నుంచే చూశాం. 1805 నాటి మిషన్ ఇల్లు ఎక్కడని నలుగురిని అడిగాం. ఒకాయన "ఏ మిషను బాబూ, కుట్టు మిషనా?" అన్నాడు. పిన్ని మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

సాయంత్రం బ్యాగుల కోసం లాడ్జికి వస్తే, నాలుగు గంటలు ఉంచినందుకు 100 కట్టమన్నాడు కుర్రాడు. పొద్దున్నుంచి ఎడమొహం పెడమొహంగా ఉన్న అక్కచెల్లెళ్లు కౌంటర్‌కి చెరోవైపు నిలబడ్డారు. నేను బయటికొచ్చి టీ తాగాను. తిరిగొచ్చేసరికి 40కి దిగాడు.