అంజూర చెట్టుకు ఏప్రిల్ ఫ్రాస్ట్: గుడ్డ కప్పడమా, కుండీలో పెంచడమా?

న్యూజెర్సీ పెరట్లో అంజూరకు ఏప్రిల్‌లో వచ్చే చివరి ఫ్రాస్ట్‌తోనే (రాత్రి నీరు గడ్డకట్టేంత చలితోనే) భయం. నిద్రలో ఉన్న ముదురు కొమ్మ 15 డిగ్రీల ఫారెన్‌హీట్ చలినీ ఓర్చుకుంటుంది. అప్పుడే విచ్చుకున్న చిగురు 30 దగ్గరే నల్లబడి వేలాడిపోతుంది.

నేలలో నాటిన చెట్టుకు గుడ్డ కప్పాలి. చాలామంది దాన్ని కొమ్మల కిందికి లాగి కాండానికి కట్టేస్తారు. దానివల్ల లాభం లేదు, ఎందుకంటే రాత్రి వేడి వచ్చేది నేలలోంచి. గుడ్డ నాలుగు వైపులా నేలను తాకాలి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. పొద్దు వాలకముందే కప్పి, పొద్దున ఎండ రాగానే తీసేయాలి. ప్లాస్టిక్ షీటు వద్దు, అది తగిలిన ఆకల్లా మాడుతుంది. పాత నూలు దుప్పటి చాలు. మట్టి తడిగా ఉంటే ఇంకా మంచిది. ఎంత చేసినా మూడు నాలుగు డిగ్రీలకు మించి ఆశించకండి.

కుండీ చెట్టును గరాజ్‌లోకి లాగేస్తే ఆ రాత్రికి నిశ్చింతే. కానీ గరాజ్ వెచ్చబడితే చెట్టు ముందే మేలుకుని, చీకట్లో పాలిపోయిన చిగుర్లు వేస్తుంది. వాటిని మెల్లగా ఎండకు అలవాటు చేయాలి. ఎండాకాలం నీళ్లు దాదాపు రోజూ పోయాలి.

స్థలం ఉంటే నేలలోనే నాటమంటాను, అదీ చలిని బాగా ఓర్చుకునే షికాగో హార్డీ రకం. చిగురు మాడితే పాత కొమ్మల తొలికాపు పోతుంది కానీ, పక్క మొగ్గల నుంచి వచ్చే కొత్త కొమ్మలు ఆలస్యంగానైనా కాస్తాయి. అద్దె ఇల్లయితే మాత్రం కుండీయే.