తొలి కొలువుకు లా ఫర్మ్ మేలా, సీనియర్ గారి ఆఫీసు మేలా?

న్యాయవాదిగా ఎన్‌రోల్‌మెంట్ పూర్తయ్యాక హైదరాబాదులో ఒక కార్పొరేట్ లా ఫర్మ్‌లో ఏడాది, ఆ తరువాత సిటీ సివిల్ కోర్టులోనూ హైకోర్టులోనూ ప్రాక్టీసు చేసే సీనియర్ న్యాయవాది గారి ఆఫీసులో రెండేళ్లు పనిచేశాను. ఫర్మ్‌లో జీతం నెల తిరిగేసరికి ఖాతాలో పడేది. ఒప్పందం ముసాయిదాలో ఒక్క మాట అటూఇటూ అయితే ఎంత నష్టమో అక్కడే తెలిసింది. అయితే ఆ ఏడాదంతా నేను కోర్టు మెట్లెక్కింది నాలుగుసార్లే, అదీ వాయిదా అడగడానికే.

సీనియర్ గారు మొదటి నెల నుంచే కేసు కట్టలు చదివించి, కౌంటర్ అఫిడవిట్లు (ఎదుటి పక్షం ఆరోపణలకు ప్రమాణపూర్వక జవాబులు) రాయించి, సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌కు ప్రశ్నలు సిద్ధం చేయించేవారు. రాసినదాన్ని ఎర్ర సిరాతో దిద్ది, ఎందుకు దిద్దారో కూర్చోబెట్టి చెప్పేవారు. ఈ ఓపిక అన్నిచోట్లా దొరకదు.

లోటల్లా స్టైపెండ్‌దే. పట్టణాల్లోని జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని న్యాయవాద వృత్తి నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించినా, అది సిఫారసు మాత్రమే కాబట్టి నాకు అందులో సగమే అందింది. ఇంటి ఆసరా లేనివారికి ఇది నిజంగా కష్టం. దాన్ని నేర్చుకునే దశ అని సరిపెట్టడం అన్యాయం.

కోర్టులో వాదించాలనుకునేవారికి నేను సీనియర్ ఆఫీసునే సూచిస్తాను. స్టైపెండ్ ఎంతో, సొంత కేసులు చేసుకోనిస్తారో లేదో మాత్రం చేరేముందే అక్కడి పాత జూనియర్లను అడిగి తెలుసుకోండి.