కుట్టిన చెయ్యే కట్టు విప్పాలి: అనంతపురం జిల్లాలో నా మూడేళ్ళ సర్జరీ ట్రైనింగ్

ఆ ఆసుపత్రిలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు డ్రెస్సింగ్ రూము. ఓపీ వెనకాల చిన్న గది, ఒక కిటికీ, ఒక ఇనుప బల్ల, ఎప్పుడూ వదలని బెటడైన్ వాసన. మూడేళ్ళలో నేను కుట్టిన కడుపులూ కాళ్ళూ దాదాపు అన్నీ మళ్ళీ ఆ బల్ల మీదికే వచ్చాయి. నేను నేర్చుకున్న సర్జరీలో సగం అక్కడే నేర్చుకున్నాను.

కౌన్సెలింగ్ రోజులు వస్తే జూనియర్లు ఫోన్ చేస్తుంటారు, "అక్కా, డీఎన్‌బీ జనరల్ సర్జరీకి మన జిల్లాలోనే చేరొచ్చా?" అని. డీఎన్‌బీ అంటే మెడికల్ కాలేజీల బయట ఆసుపత్రుల్లో కూడా చేసే, ఎం.ఎస్.తో సమానమైన పీజీ ట్రైనింగ్. స్టైపెండ్, సీట్లు, పడకల లెక్కలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. మూడేళ్ళు అక్కడే ఉన్నాక తెలిసిన సంగతి ఒకటుంది, అది చెబుతాను.

అక్కడ ఏడాదికి ఇద్దరమే రెసిడెంట్లం, అంటే ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లం. అర్ధరాత్రి క్యాజువాలిటీలో పేషెంట్ కడుపు మీద మొదట చెయ్యి పెట్టేది మనమే. ఆరోగ్యశ్రీ ఫోటో తీయించేది, రక్తం కోసం బంధువులను వెతికేది, మాకు నేర్పే సీనియర్ సర్జన్ సారు ఎదురుగా నిలబడి ఉండగా కోసేది, మర్నాడు రౌండ్స్‌లో చూసేది, ట్యూబులు తీసేది, కుట్లు విప్పేది, నెల తర్వాత ఓపీలో "ఎట్లుంది?" అని అడిగేది, అన్నీ మనమే. నాతో చదివిన స్నేహితురాలు ఒక పెద్ద మెడికల్ కాలేజీలో ఎం.ఎస్. చేసింది. మేము ఏడాదంతా చూసిన అరుదైన కేసులు ఆమె ఒక నెలలో చూసేది. కానీ ఎక్కువమంది పేషెంట్లు డిశ్చార్జి అయ్యాక ఏమయ్యారో ఆమెకు తెలిసేది కాదు. ఓపీకి వచ్చేసరికి వేరే ఎవరో చూసేవాళ్ళు. నాకు మాత్రం తప్పించుకునే దారి ఉండేది కాదు. మంచో చెడో, నేను చేసినది మళ్ళీ నా ముందుకే వచ్చేది. అదెంత పెద్ద వరమో నాకు ఒకే ఒక్క మనిషి వల్ల తెలిసింది.

రెండో ఏడు, శెనక్కాయ పీకే రోజులు. కళ్యాణదుర్గం వైపు నుంచి యాభై దాటిన రైతును రాత్రి ఒంటిగంటకు ఆటోలో తెచ్చారు. నడుము నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన బిళ్ళలు పదిరోజులుగా మింగుతున్నాడు, అదీ పొద్దున్నే టీ తాగి, తిండి లేకుండా. ముందురోజు మధ్యాహ్నం చేన్లో ఉండగా కడుపులో అగ్గి పెట్టినట్టయిందట. నేను చూసేసరికి మోకాళ్ళు ముడుచుకుని కదలకుండా పడుకున్నాడు. కడుపు తాకితే బల్ల మాదిరి ఉంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కాలేయానికి పైన, కుడి డయాఫ్రం కింద, సన్నటి నల్లని నెలవంక. పేగుకు చిల్లు పడి గాలి బయటికొచ్చిందని దాని అర్థం.

సారు క్వార్టర్స్‌లోనే ఉంటారు. ఫోన్ చేసిన పది నిమిషాలకు తల కూడా దువ్వుకోకుండా వచ్చారు. ఎక్స్‌రే చూసి, కత్తి నాకిచ్చి ఎదురుగా నిలబడ్డారు. చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం ముందు గోడకు మినపగింజంత చిల్లు. మూడు కుట్లు వేసి, పేగుల మీద పరుచుకుని ఉండే ఒమెంటం అనే కొవ్వు పొరను దాని మీదికి తెచ్చి కట్టాను. లీటర్లకొద్దీ గోరువెచ్చని సెలైన్‌తో కడుపంతా కడిగి, లోపలి నీరు బయటికి పోవడానికి డ్రెయిన్ ట్యూబు పెట్టేసరికి నాలుగున్నర దాటింది. క్యాజువాలిటీలో పాము కరిచి కాలు వాచిన పిల్లవాడు ఎదురుచూస్తున్నాడని ఫోన్ వచ్చింది. "నువ్వు మూసెయ్‌మ్మా" అని సారు అటు వెళ్ళారు.

మూశాను. నిద్ర కళ్ళతో, తొందరగా అయిపోవాలన్న ఆత్రంతో మూశాను. కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం ఎక్కువ పోతున్నదని ఆ క్షణంలో నాకు తెలుసు. దారం బిగించి లాగితే గట్టిగా ఉంటుందని అనుకున్నాను.

ఐదో రోజుకు మనిషి తేరుకున్నాడు. ముక్కులో ట్యూబు తీసేశాం, నీళ్ళు తాగుతున్నాడు. బీడీల దగ్గు మాత్రం వదల్లేదు. సాయంత్రం ఆయన భార్య వచ్చి చెప్పింది: "కట్టు తడిసింది పాపా. నీళ్ళ మాదిరి వస్తాంది, రవంత ఎర్రగా." వెళ్ళి చూశాను. బీట్‌రూట్ కడిగిన నీళ్ళలా పలచగా, లేత ఎరుపు. పక్కల నొక్కి చూస్తే చీము రాలేదు. చీము లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, మందంగా దూది ప్యాడ్ పెట్టి, పొద్దున చూద్దామన్నాను. ఆపరేషనైన ఐదారు రోజులకు గాయం నుంచి పలచటి ఎర్రనీళ్ళు కారితే లోపలి పొర విడిపోతున్నట్టేనని సర్జరీ పుస్తకాలన్నీ చెబుతాయి. నేనూ చదివాను, ఇంటర్న్‌లకు చెప్పాను కూడా. నా పేషెంట్ విషయంలో మాత్రం ఆ వాక్యం గుర్తు తెచ్చుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు.

తెల్లవారుజామున వార్డులో కేక. "పాపా, పేగులొచ్చినాయి!" పరుగెత్తాను. ఆయన దగ్గాడు, కుట్లు విడిపోయాయి. ప్యాడ్ పక్కకు తొలిగి, లేత గులాబీ రంగు చిన్నపేగు రెండు చుట్లు బయట ఉన్నాయి, మెల్లగా కదులుతున్నాయి. ఆయన ముఖంలో నొప్పికంటే ఆశ్చర్యమే ఎక్కువ కనబడింది. వెచ్చని సెలైన్‌లో తడిపిన స్టెరైల్ గుడ్డలు కప్పి, మోకాళ్ళు మడిపించి, సెలైన్ ఎక్కిస్తూ థియేటర్‌కు తీసుకుపోయాం. నా చేతులు వణకలేదు. వణుకు తర్వాత, స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చింది.

థియేటర్‌లో సారు నన్ను తిట్టలేదు. పాత దారం తీయించి, స్టీలు స్కేలు తెప్పించారు.

"కోత ఎంతుంది?"

"పద్దెనిమిది సెంటీమీటర్లు సార్."

"దారం కొలువు."

గ్రీన్ టవల్ మీద ఆ నీలం ప్రోలీన్ దారాన్ని పరిచి కొలిచాను. 47 సెంటీమీటర్లు. దారం ఎక్కడా తెగలేదు, ముడి ఊడలేదు. దారం ఉన్నచోటే ఉండి, కండరం మీది గట్టి పొరను కోసుకుంటూ బయటికి వచ్చేసింది. జెంకిన్స్ అనే సర్జన్ 1976లో చెప్పిన లెక్క సారు అప్పుడు వివరించారు. కోత ఎంత పొడవుంటే దానికి కనీసం నాలుగింతలు దారం పట్టాలి. 18 సెంటీమీటర్ల కోతకు 72. ఆపరేషన్ తర్వాత కడుపు ఉబ్బితే కోత పొడవు 30 శాతం దాకా సాగగలదు. దారంలో ఆ సాగుబాటుకు చోటు లేకపోతే అది కండను కోస్తుంది. దూరం దూరంగా కుట్లు వేసి బిగించి లాగితే చూడ్డానికి గట్టిగా కనబడుతుంది, లోపల జరిగేది మాత్రం ఇది. "దగ్గు ఆయనది, తిండి లేని ఒళ్ళు ఆయనది. దారం నీది" అన్నారు. మళ్ళీ కుట్టింది నేనే. అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, ఒక్కొక్క సెంటీమీటరు దూరంలో, లాగకుండా, అంచులు ఒకదానికొకటి తాకేంత మాత్రమే దగ్గరికి తెస్తూ.

బయట ఆయన భార్యకు చెప్పాల్సింది కూడా నువ్వేనన్నారు సారు. "నిన్న సాయంత్రం మీరు చెప్పినప్పుడే నేను సారుకు ఫోన్ చేసి ఉండాల్సిందమ్మా" అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఇప్పుడు బతుకుతాడా? అది చెప్పు పాపా" అంది.

బతికాడు. ఆ తర్వాత మూడు వారాలు వార్డులో ఉన్నాడు. రోజూ కట్టు నేనే విప్పాను. పైచర్మం అక్కడక్కడా చీము పట్టింది, మెల్లగా ఎర్రటి కొత్త కండ పట్టింది. డిశ్చార్జి తర్వాత వారానికొకసారి ఓపీకి వచ్చేవాడు. ఆయన కోసం కాదు గానీ, ఆయన వల్ల నాకొక అలవాటైంది: కడుపు మూసిన ప్రతిసారీ దారం కొలుస్తాను. మొత్తం పొడవు ప్యాకెట్ మీద ఉంటుంది, మిగిలిన ముక్కను కొలిచి తీసేస్తే వాడింది తెలుస్తుంది. ఆపరేషన్ నోట్స్‌లో కోత పొడవు పక్కన దారం పొడవు రాస్తాను. మొదట్లో థియేటర్ సిస్టర్లు చిరాకుపడ్డారు, తర్వాత నేనడగకముందే స్కేలు ట్రాలీలో ఉండేది.

పెద్ద ఆసుపత్రిలో ఉన్నా ఈ పాఠం వచ్చి ఉండేదేమో. కానీ దూది ప్యాడ్ పెట్టిన చెయ్యీ, కుట్లు వేసిన చెయ్యీ, పేగులు లోపలికి పెట్టిన చెయ్యీ ఒకటే కావడం వల్ల వచ్చిన పాఠం వేరు. ఇప్పటికీ వార్డులో ఎవరైనా "కట్టు తడిసింది" అంటే నేను చేతిలో పని వదిలేసి వెళ్తాను.

ఇక మిగతా కేసులు త్వరగా చెబుతాను. జనం "ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి" అని పిలిచే అపెండిక్స్, వరిబీజం, ముడిపడిన హెర్నియాలు, ఎద్దు పొడిచిన గాయాలు, షుగరుతో కుళ్ళిన పాదాలు, ఇవి చేతికి కావలసినంత దొరుకుతాయి. మొదటి ఏడాదిలోనే చెయ్యి తిరుగుతుంది. ఆడపిల్లను కాబట్టి "నర్సమ్మా, డాక్టరు ఎప్పుడొస్తాడు?" అని చాలామంది అడిగేవాళ్ళు. అదే మనుషులు మూడో విజిట్‌కు నా పేరు చెప్పి క్యూలో నిలబడేవాళ్ళు. అదీ ఆ ఓపీ పుణ్యమే.

అయితే ఆ రైతు కథ అక్కడితో అయిపోలేదు. ఆయన కడుపు చక్కగా మానిందని నేను చాలామందికి చెప్పుకున్నాను. నా మూడో ఏడు చివర్లో మళ్ళీ వచ్చాడు. పాత కుట్టు మీద చొక్కా ఎత్తి, "దగ్గితే ఈడ లేస్తాంది పాపా" అన్నాడు. నిమ్మకాయంత ఉబ్బు. ఇన్సిషనల్ హెర్నియా, అంటే పాత కోత దగ్గర గోడ బలహీనపడి లోపలిది బయటికి ఉబ్బడం. ఒకసారి విడిపోయిన కడుపులో ఇది తరచుగా వచ్చేదే. కండరం వెనక మెష్ అనే వల పరిచి సరిచేశాం. కానీ అప్పటికి ఎదురుగా నిలబడింది మా సారు కాదు.

ఇక్కడే నేను ముందు చెప్పినదాన్ని కొంత సవరించుకోవాలి. సారు మూడో ఏడు మొదట్లో కుటుంబం కోసం బెంగళూరుకు వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మంచి సర్జన్లే, కానీ వారానికి మూడు రోజులు వచ్చిపోయేవాళ్ళు. రాత్రుళ్ళు ఫోన్లో సలహా దొరికేది, ఎదురుగా మనిషి దొరికేవాడు కాదు. "చేతికి పని దొరుకుతుంది" అని నేను గొప్పగా చెప్పిన మాట, ఎదురుగా నిలబడే పెద్ద ఉన్నంతవరకే నిజం. స్కేలు తెప్పించే మనిషి లేకపోతే అదే 47 సెంటీమీటర్ల తప్పు వందసార్లు చేస్తూ చెయ్యి తిరిగిందనుకుంటాం. ఒక్క మనిషి మీద నిలబడే ట్రైనింగ్ ఆ మనిషితోపాటే వెళ్ళిపోతుంది.

రెండోది, కేసుల రకం. కామెర్లతో, ప్యాంక్రియాస్ గడ్డలతో వచ్చినవాళ్ళను తిరుపతికో బెంగళూరుకో పంపేవాళ్ళం. థైరాయిడ్ ఆపరేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. డీఎన్‌బీ ప్రాక్టికల్స్‌లో నాకు లాంగ్ కేసుగా, అంటే వివరంగా పరీక్షించి చెప్పాల్సిన పేషెంట్‌గా, పిత్తనాళం మూసుకుపోయి వచ్చే కామెర్లు, అబ్‌స్ట్రక్టివ్ జాండిస్ వచ్చింది. చదివినది చెప్పాను గానీ చూసినది చెప్పలేకపోయాను. మొదటిసారి పాస్ కాలేదు, రెండోసారి గట్టెక్కాను. అందులో నా లోపం కొంత, ఆ కేసులు చూడకపోవడం కొంత. సెలవు పెట్టి పెద్ద కాలేజీలో క్లినిక్స్‌కు కూర్చోవాలని రెండో ఏడాదిలోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మూడోది, మన పేషెంట్‌ను మనమే చూడాలంటే ఇంటికి వెళ్ళడం కష్టం. మా జేజి దినాలకు ఒక పూట వెళ్ళి సాయంత్రానికి డ్యూటీకి వచ్చేశాను. అందుకు ఆసుపత్రిని తప్పు పట్టను, కానీ ఆ రోజు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

నాకు మాత్రం అది సరిపోయింది. మా ఊరు తాడిపత్రి దగ్గర, అమ్మ ఒంటరిగా ఉంటుంది. సూపర్ స్పెషాలిటీ చేయాలన్న కోరిక లేదు. ఇలాంటి ఊళ్ళోనే సర్జన్‌గా ఉండాలనుకున్నాను, ఉన్నాను. పేషెంట్లు "రవంత" అన్నా "ఈడ" అన్నా నాకు వెంటనే తెలుస్తుంది. గ్యాస్ట్రో వైపో క్యాన్సర్ వైపో పోవాలనుకునేవాళ్ళకు, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ మీద దృష్టి ఉన్నవాళ్ళకు నేను ధైర్యంగా చేరమని చెప్పలేను.

చేరాలనుకుంటే ముందు ఒక పూట వెళ్ళి ఆ ఆసుపత్రి డ్రెస్సింగ్ రూము దగ్గర కూర్చోండి. కట్లు విప్పుతున్నది ఎవరో చూడండి. రాత్రి కన్సల్టెంట్ ఎక్కడ పడుకుంటారో రెసిడెంట్లను అడగండి. కట్టు విప్పేది రెసిడెంట్ కాకపోయినా, సారు ఊళ్ళో ఉండకపోయినా, నాకు దొరికినది అక్కడ మీకు దొరకదు.