బెజవాడలో పది కిలోమీటర్లు, కాస్త తక్కువ

"పది కిలోమీటర్లు పరిగెత్తడానికి నూట నలభై కిలోమీటర్లు వెళ్తావా?" అన్నారు మా ఆయన. ఒంగోలు నుంచి విజయవాడకి రైలు దూరం అంతే మరి. రెండేళ్లుగా రోజూ తెల్లారుజామున మా ఊరి వాకింగ్ ట్రాక్ మీద గుండ్రంగా తిరుగుతున్నాను. ఒక్కసారైనా ట్రాఫిక్ ఆపిన రోడ్డు మీద పరిగెత్తాలని కోరిక. డిసెంబరులో ఒక ఆదివారం బెజవాడలో పరుగుందని తెలిసి నేను 10 కిలోమీటర్లకి, మా తోటికోడలు 5 కిలోమీటర్లకి పేర్లిచ్చాం. ఫీజు నాకు 600, తనకి 400.

మొదటి తప్పు మాదే, క్యాలెండరు చూసుకోలేదు. అది భవానీ దీక్షల విరమణ సమయం. ఎర్రబట్టలు కట్టుకుని, ఇరుముడి నెత్తిన పెట్టుకుని భక్తులు ఇంద్రకీలాద్రికి వచ్చేస్తుంటే ఊళ్లో లాడ్జీలు నిండిపోతాయి. గవర్నర్‌పేటలో ఒక లాడ్జీకి ముందే ఫోన్ చేసి 1,400కి గది ఖాయం చేసుకున్నాం. తీరా వెళ్లాక కౌంటర్లో కుర్రాడు "భవానీల రద్దీ కదమ్మా, ఈ రెండ్రోజులు 2,200" అన్నాడు. ఫోన్‌లో మాట్లాడింది ఎవరంటే "ఆయన డ్యూటీ దిగిపోయారు" అన్నాడు. సంచులతో ఇంకో నాలుగు మెట్లెక్కి దిగే ఓపిక లేక ఇచ్చేశాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే, గడియ గట్టిది. ఇద్దరు ఆడవాళ్లం వెళ్లినప్పుడు నేను ముందు చూసేది గడియే.

లాడ్జీతో అసలు ఇబ్బంది తెల్లవారుజామున వచ్చింది. పరుగు అయిదున్నరకి. నాలుగుంపావుకి కిందికి దిగితే షట్టర్‌కి తాళం, బల్ల మీద వాచ్‌మన్ ముసుగు తన్ని నిద్ర. మా తోటికోడలు "అన్నా, అన్నా" అంటూ గొంతు పెంచుకుంటూ పోయింది. ఆయన లేచి మా బట్టలూ బూట్లూ చూసి "గుడికా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. వివరించే టైము లేదు. వేడినీళ్లు ఆరింటి తర్వాతేనట, కాబట్టి స్నానం సంగతి వదిలేయండి. పందెం కోసం గది తీసుకునేవాళ్లు రాత్రే రెండు ప్రశ్నలు అడగాలి: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, నీళ్లు ఎన్నింటికి కాగుతాయి. ఏసీ ఉందా, వైఫై ఉందా అన్నవి తర్వాత.

ఇంకోసారైతే రైల్వే స్టేషన్లోని రిటైరింగ్ రూముకి ప్రయత్నిస్తాను. ఖాయమైన టికెట్ ఉంటే ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, తలుపు ఏ వేళకైనా తెరిచే ఉంటుంది. అక్కడ దిగిన గుంటూరు అమ్మాయి ఒకామె పొద్దున పరుగు మొదలయ్యే ముందు కలిసింది. రాత్రంతా అనౌన్స్‌మెంట్లు వినపడ్డాయని నవ్వింది. మాకు షట్టర్, ఆమెకి మైకు.

బిబ్‌లు, అంటే టీషర్టుకి గుచ్చుకునే నంబరు కాగితాలు, ముందురోజు సాయంత్రం ఆరింటిదాకా మాత్రమే ఇచ్చారు, పరుగు రోజున ఇవ్వరు. అందుకే పొరుగూళ్ల వాళ్లకి ఒక రాత్రి బస తప్పదు. స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది కదా, అదే బందరు రోడ్డు మీద దానికి దగ్గర్లోనే ఇందిరాగాంధీ స్టేడియం. బిబ్‌లూ అక్కడే, పరుగు మొదలూ అక్కడే. కౌంటర్లో కాలేజీ పిల్లలు మర్యాదగా మాట్లాడారు, లైను చకచకా కదిలింది. టీషర్టు మాత్రం నేను ఎం అని రాస్తే ఎల్ ఇచ్చారు. ఆడవాళ్లకంటూ వేరే కొలతలే లేవు. బిబ్‌కి నాలుగు పిన్నీసులు కావాలి, ఇచ్చింది రెండు. మా తోటికోడలు గాజుల్లోంచి రెండు తీసింది. సంచిలో బిస్కెట్ పొట్లం, తలనూనె ప్యాకెట్, ఒక స్కానింగ్ సెంటర్ డిస్కౌంటు కూపన్. పరిగెత్తాక అవసరం పడుతుందనేమో!

అయిదున్నర అన్నది ఆరు దాటి అయిదు నిమిషాలకి మొదలైంది. ముఖ్య అతిథి రాలేదు. ఆ ముప్పై అయిదు నిమిషాలూ స్టేజీ మీద జుంబా డాన్సు. నేను మాత్రం మరుగుదొడ్డి లైన్లో ఉన్నాను. స్టేడియం లోపలివాటికి తాళాలు. బయట పెట్టిన మొబైల్ టాయిలెట్లు నాలుగు, అందులో ఒకదాంట్లో నీళ్లు లేవు. ఆడా మగా ఒకటే లైను. వెయ్యి మందిని పిలిచినవాళ్లకి ఈ లెక్క తెలియదా? మెడల్ ఎంత బరువుందో ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టారు గానీ, మరుగుదొడ్లు ఎన్నో ఎక్కడా రాయలేదు. నన్నడిగితే మెడల్ తీసేసి ఆ డబ్బుతో ఇంకో ఆరు పెట్టమంటాను.

పరుగు మాత్రం బాగుంది. పలచటి మంచు, ఖాళీ బందరు రోడ్డు. పగలంతా హారన్లతో చెవులు పగిలే ఆ రోడ్డు మీద వందల బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. స్టేడియం నుంచి బెంజి సర్కిల్, హైవే ఫ్లైఓవర్ల కింద నుంచి పటమట, అక్కడి నుంచి ఆటోనగర్ వైపు వెళ్లి వెనక్కి తిరగడం. ఎక్కడా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు, కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి దారి దొరకదు. ధనుర్మాసం కాబట్టి దారిలో ఏదో గుళ్లోంచి మైకులో తిరుప్పావై వస్తోంది. నా అడుగు దాని తాళానికి పడిపోయి కాసేపు మెల్లగా పరిగెత్తాను. ఆటోనగర్ దగ్గరికొచ్చేసరికి గ్రీజు వాసన, షట్టర్లు ఎత్తుతున్న మెకానిక్కులు. ఒకాయన టీ గ్లాసు పైకెత్తి "కానీయండి అక్కా" అన్నాడు. అంతసేపటి జుంబా కన్నా అదే ఎక్కువ హుషారిచ్చింది.

తిరుగుదారిలో లోటుపాట్లు బయటపడ్డాయి. వెళ్లేటప్పుడు నీళ్లిచ్చిన బల్ల దగ్గర వచ్చేటప్పుడు ఖాళీ సీసాలే మిగిలాయి. ముందువాళ్లు చిన్న సీసాలు తీసుకుని రెండు గుక్కలు తాగి పారేశారు. గ్లాసుల్లో పోసి ఉంటే వెనకవాళ్లకీ మిగిలేవి. ఏడింటికి బెంజి సర్కిల్ దగ్గర వాహనాలు వదిలేశారు. పోలీసుల్ని అనలేం, వాళ్లు ఒప్పుకున్న టైము అదే అయ్యుంటుంది. అరగంట ఆలస్యం చేసిన పాపం నాలాంటి నెమ్మది కాళ్లవాళ్లకి తగిలింది. ఆఖరి రెండు కిలోమీటర్లు ఒకపక్క సిటీ బస్సు, ఒకపక్క ఆటోలు. ఆటోలో ముసలాయన నాతో సమానంగా వస్తూ "ఎక్కుతావామ్మా?" అనడిగాడు.

ముగింపు గీత దాటేసరికి 1 గంట 13 నిమిషాల 40 సెకన్లు. ఒంగోలులో నా మంచి టైము 1 గంట 17 నిమిషాలు. ఎగిరి గంతేశాను. తర్వాత వాచీ చూస్తే దూరం 9.63 కిలోమీటర్లు!

వాచీలు అచ్చంగా కొలవవు, నాకూ తెలుసు. కానీ పద్ధతిగా కొలిచిన దారిలో వాచీ మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే మలుపుల దగ్గర మనం దగ్గరి దారి పట్టుకోం. ప్రమాణాల ప్రకారం కొలిచేవాళ్లు సైకిల్ చక్రానికి లెక్కపెట్టే పరికరం బిగించి, పరిగెత్తేవాళ్లకి అందే అతి దగ్గరి దారి వెంట తొక్కుతారు. దానిమీద కిలోమీటరుకి మీటరు చొప్పున కలుపుతారు కూడా, అంటే పది కిలోమీటర్లకి 10 మీటర్లు అదనం. తక్కువ పడకూడదని అంత జాగ్రత్త. ఇక్కడ వాచీకే 370 మీటర్లు తక్కువ. వెనక్కి తిరిగే చోట పెట్టిన కోన్‌ని ఎవరో ఇవతలికి జరిపి ఉంటారని నా అనుమానం. నా వేగం లెక్కేస్తే పూర్తి పది కిలోమీటర్లకి 1 గంట 16 నిమిషాల 30 సెకన్లు. అరనిమిషం బాగుపడ్డానన్నమాట, అదీ తక్కువేం కాదు. రెండు రోజుల తర్వాత ఫోన్‌కి వచ్చిన సర్టిఫికెట్‌లో దర్జాగా 10 కిలోమీటర్లనే రాసుంది. టైము మాత్రం సరిగ్గానే ఇచ్చారు. బిబ్ వెనక అంటించిన చిప్పు మనం గీత దాటినప్పటి నుంచే లెక్కపెడుతుంది కాబట్టి గుంపులో వెనక నిలబడినందుకు ఏమీ పోలేదు. సామాను కౌంటర్ కూడా మెచ్చుకోవాలి, సంచికి టోకెన్ కట్టి అడిగిన నిమిషంలో ఇచ్చారు.

వాళ్లు పెట్టిన టిఫిను చల్లారిన ఉప్మా. దాన్ని వదిలేసి గాంధీనగర్లో బాబాయ్ హోటల్‌కి వెళ్లాం. ఆదివారం కాబట్టి నిలబడాల్సి వచ్చింది, కాళ్లు పీకుతున్నాయి. అయినా వెన్న వేసిన ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాక లాడ్జీవాడి 800 రూపాయల మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఉంది.

వచ్చే ఏడు కూడా వెళ్తాను. గది స్టేషన్లో, నీళ్ల సీసా నడుముకి, పిన్నీసులు నా సొంతం.

సాయంత్రం రైల్లో మా ఎదురు సీట్లో ఎర్రచీర కట్టుకున్న పెద్దావిడ, దీక్ష విరమించి వెళ్తోంది. గిరి ప్రదక్షిణ చేసొచ్చిన కాళ్లు, చెప్పుల్లేవు, మడమలు పగిలి ఉన్నాయి. మా తోటికోడలి మెడలో ఇంకా మెడల్ అలాగే ఉంది, ఒంగోలు దాకా తీయనంది. పెద్దావిడ దాన్ని పట్టుకుని చూసి "ఫస్టొచ్చావా అమ్మా?" అంది.

అయిదు కిలోమీటర్లలో మూడు నడిచిన మా తోటికోడలు నా వంక చూడకుండా "ఆ, ఫస్టే" అంది.